ఒక్కరున్న వరుస

ట్రోమ్సోలో జనవరి పదో తారీకు.
ఆరు వారాలుగా సూర్యుడు సెలవులో ఉన్నాడు.
రేవు పక్క ల్యాబులో, రెండో అంతస్తులో,
కాడ్ చేప జన్యువొకటి తిరగరాద్దామని
తూర్దిస్ సాయంత్రం నుంచీ కూర్చుంది.
ఇక్కడిప్పుడు సాయంత్రమంటే
గడియారం ఒప్పుకున్నదే సాయంత్రం.

పని చిన్నది.
ఎ ఉన్నచోట టి, సి ఉన్నచోట జి,
జతలు మార్చడం అయిపోయింది.
తోక నుంచి తల దాకా తిప్పడమే మిగిలింది.
పెర్ల్‌లో దానికి ఒకటే మాట, రివర్స్.
ప్రింట్ అంది, రివర్స్ అంది, పోగు పేరు చెప్పింది,
అలవాటు కొద్దీ చివర ఓ కొత్త లైను తగిలించింది.

ఎ ఎ సి టి జి.
పెట్టినవి పెట్టినట్టే,
ఉప్పులో పరిచిన చేపల్లా.
మళ్ళీ నొక్కింది. అవే.
యంత్రాన్ని తిట్టింది, తన చదువుని తిట్టింది,
చల్లారిన కాఫీ తాగి దాన్నీ తిట్టింది.

రాత్రి పదకొండుకి సేన్యా దీవికి ఫోను.
ఈ ప్రోగ్రాము రాసి, రిటైరై,
ఇప్పుడు పడవ ఇంజిన్లు విప్పుకుంటున్న ఒడ్వార్‌కి.

"పైన ఖాళీ లైనేమైనా వచ్చిందా?"
"వచ్చింది."
"నువ్వు దాన్ని కింద కదా పెట్టింది?"

తూర్దిస్ కాసేపు మాట్లాడలేదు.
గంటసేపటి నుంచి ఆ ఖాళీ కళ్ళెదుటే ఉంది,
ఖాళీ కాబట్టి చూడలేదు.

"తిప్పింది మరి.
నీ వరుసలో ఇద్దరు. ఒకటి పోగు, ఒకటి లైను.
వెనకవాణ్ణి ముందుకి, ముందువాణ్ణి వెనక్కి పంపింది.
పోగు కడుపులో చెయ్యి పెట్టమని నువ్వనలేదే."

"ఒక్కటే ఇస్తే?"

"చేపల కొట్టు ముందు ఒక్కడే నిలబడ్డాడనుకో,
వరుసని తిరగెయ్యి.
వాడే మొదలు, వాడే చివర. నెత్తిన టోపీ కూడా కదలదు.
ప్రింట్ వడ్డించే మనిషి లాంటిది,
ఎప్పుడూ పంక్తినే చూస్తుంది,
ఒక్కడు కూర్చున్నా అది పంక్తే.
స్కేలార్ అని ముందు పెట్టు. నాకు ఒక్కటి చాలని చెప్పు.
అప్పుడు మనిషిని పట్టుకు తిప్పుతుంది."

"అప్పుడూ ఇద్దర్నిస్తే?"

"ఇద్దర్నీ అతికించి, ఒక్కణ్ణి చేసి, ఆపైన తిప్పుతుంది.
పెళ్ళిలాగా."
ఒడ్వార్‌కి రెండు పెళ్ళిళ్ళయ్యాయి.
నవ్వాడు, దగ్గాడు, స్పానర్ ఎక్కడో కింద పడింది.

కొత్త లైనుని బయటికి జరిపింది తూర్దిస్.
జి టి సి ఎ ఎ.
ఎంత తేలిగ్గా వచ్చిందో, అంత కోపమొచ్చింది.

ఇది రాస్తూ నేనూ ఓసారి చేసి చూశాను.
నా భాషలో కునుకు అని ఓ మాట ఉంది,
ఎటునుంచి చదివినా కునుకేనని చిన్నప్పుడు మురిసిపోయాను.
యంత్రం ఒప్పుకోలేదు.
దానికి క వేరు, కొమ్ము వేరు.
తిప్పేసరికి కొమ్ము ముందుకొచ్చి
పట్టుకోడానికి అక్షరం లేక గాల్లో వేలాడింది.
చివర బోడిగా ఓ క.
ఏది ఒకటో, ఏవి కలిస్తే ఒకటో
ఎవరి లెక్క వాళ్ళదే.

అర్ధరాత్రి బస్టాపులో తూర్దిస్ ఒక్కతే.
గాజు గోడ మీద రాసుంది, దయచేసి వరుసలో నిలబడండి అని.
నిలబడింది.
బస్సు రావాల్సిన వైపు చీకటి, వెళ్ళే వైపూ చీకటే.
వంతెన మీద దీపాలు మాత్రం
ఎవరో లెక్కపెట్టి పెట్టినట్టున్నాయి.
తోచక వెనక్కి తిరిగింది.
ల్యాబు నుంచి ఇక్కడిదాకా మంచులో తన అడుగులు.
ఆమె తిరిగినా అవి తిరగలేదు,
బొటనవేళ్ళన్నీ ఇటే చూస్తున్నాయి.